హరిణి చేసిన పెట్టె

శనివారం పొద్దున ఏడింటికి సూర్యకళ కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఆ రోజు స్కూల్లో బహుమతుల సభ. తొమ్మిదో తరగతి చదువుతున్న హరిణికి సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. నాచారంలోని ఆ కాన్వెంటులో సీటు దొరకడమే గొప్ప అనుకున్న ఇల్లు అది. ఇప్పుడు పతకం కూడా వస్తోందని సూర్యకళ వారం ముందే ఉప్పల్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. భర్త మహిపాల్ దగ్గర్లోని ఫ్యాక్టరీలో టెక్నీషియన్. పొద్దున షిఫ్టుకు వెళ్లాడు. పర్మిషన్ పెట్టి నేరుగా స్కూలుకే వస్తానన్నాడు.

ఆ ఏడు ప్రదర్శనకు సిస్టర్లు ఒకే నియమం పెట్టారు. పొరుగువాళ్లను ప్రేమించాలని రోజూ ప్రార్థనలో చెప్పుకుంటే సరిపోదని, పొరుగున ఉన్న ఒక్కరికైనా పనికొచ్చే వస్తువు చేసి తెమ్మని చెప్పారు. హరిణికి వెంటనే కింది వాటాలో ఉండే శాంతాబాయి గుర్తొచ్చింది. ఆమెకు చెవులు వినపడవు. పాలవాడు తలుపు తట్టి తట్టి వెళ్లిపోతుంటాడు. అందుకే తలుపు తడితే లోపల ఎర్ర దీపం వెలిగే పెట్టె ఒకటి చేసింది. దానికి మూడు నెలలు పట్టింది.

సభలో ఆ పెట్టెను మళ్లీ చూపించాలి. బ్యాటరీ మారుద్దామని హరిణి నాలుగు మరలూ విప్పి మూత తీసింది. ప్రదర్శన రోజు నుంచి దాన్ని తెరిచే అవసరమే రాలేదు.

లోపల తను అతికించిన టేపులు లేవు. వంకరగా అతుకులు వేసిన తీగలు లేవు. వాటి చోట చిన్న ఆకుపచ్చ బోర్డు, దాని మీద చక్కగా వరసలో పోసినట్టున్న అతుకులు ఉన్నాయి. ఆ చేతిపని ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. ఇంట్లో మిక్సీ పాడైనా, ఫ్యాను పాడైనా నాన్న చేతుల్లో చూస్తున్న పనే.

"అమ్మా, ఇది నాది కాదు," అంది.

సూర్యకళ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది కానీ తలెత్తలేదు. "ఇయ్యాళ గడవనియ్ బిడ్డ. తర్వాత మాట్లాడుకుందం."

తల్లికీ తెలుసన్నమాట. ప్రదర్శన నుంచి ఇంటికొచ్చి, ఎన్నిసార్లు తట్టినా దీపం వెలిగిందని తను గెంతులేస్తూ చెప్పినప్పుడు ఇద్దరూ నవ్వుతూ విన్నారు. మిఠాయి పంచారు. ఆ నవ్వులు గుర్తొచ్చి హరిణి మూత మళ్లీ గట్టిగా బిగించింది. ఇంకేమీ అడగకుండా యూనిఫాం వేసుకుని, పెట్టె సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

స్కూల్లో నేరుగా ప్రిన్సిపాల్ సిస్టర్ సెలీనా గదికి వెళ్లి మూత విప్పి చూపించింది. ఆమె అంతా విని, ముందు మీ నాన్నగారితో మాట్లాడదామా అని అడిగింది. అక్కర్లేదు, నా పేరు తీసెయ్యండి అంది హరిణి. స్నేహితులు నాలుగు రకాలుగా అడుగుతారని సిస్టర్ హెచ్చరించింది. అడిగితే ఉన్నదే చెప్తానంది. సిస్టర్ కాసేపు ఆ పిల్ల తల మీద చెయ్యి ఉంచింది.

"ఈ రోజు నీకు చప్పట్లు కొట్టలేకపోవడం నాకే కష్టంగా ఉందమ్మా," అంది.

సభలో మహిపాల్ మూడో వరసలో అన్న భూషణం పక్కన కూర్చున్నాడు. సైన్సు బహుమతి అనగానే ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. మైకులో తేజేష్ అనే అబ్బాయి పేరు వినిపించింది. చప్పట్లు ఆగిపోయినా మహిపాల్ చెయ్యి కిందికి దిగలేదు. ఏమైందని భూషణం అడిగితే లేచి గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర కూతురు ఒక్క మాటలో సంగతి చెప్పి ఆటో ఎక్కేసింది.

ఇంటికొచ్చాక అతను చెప్పులు కూడా విప్పలేదు.

"నాతోని ఒక్క మాట చెప్పకుండ పోయి సిస్టర్‌కు చెప్పినవ్. అన్న ముంగట, అందరి ముంగట నన్ను దొంగను జేసినవ్ గదా."

"నువ్వు నా పెట్టె విప్పేటప్పుడు నన్ను అడిగినవా నాన్నా?"

ప్రదర్శనకు ముందురోజు తను పరీక్షించి చూశానని, పదిసార్లు తడితే నాలుగుసార్లే వెలిగిందని మహిపాల్ అన్నాడు. అంతమంది ముందు అది వెలగకపోతే నువ్వు ఏడుస్తావని భయపడ్డానన్నాడు.

"ఏడుస్తుంటి. ఏడ్సి మళ్లా జేసుకుంటుంటి," అంది హరిణి. "గిప్పుడు నాకు చెయ్యొస్తదో రాదో నాకే తెల్వది. నేను జేసింది ఏడుంది?"

మహిపాల్ అప్పుడు చెప్పులు విప్పడానికి వంగాడు. ఆమె మళ్లీ అడిగింది.

"ఫ్యాక్టరీల తుక్కుల ఏసిన," అన్నాడు మెల్లగా.

హరిణి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సూర్యకళ తలుపు బయట కూర్చుని, నేనూ చెప్పకపోతినని చాలాసేపు ఏడ్చింది.

సోమవారం షిఫ్టు దిగగానే మహిపాల్ స్కూలుకు వెళ్లాడు. తప్పంతా తనదేనని, మోసం చేశానని, క్షమించమని చేతులు జోడించాడు. సిస్టర్ సెలీనా అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది.

"నా దగ్గరికి వచ్చి మంచి పని చేశారు. కానీ మోసపోయింది నేను కాదు కదండీ. ఆ అమ్మాయి మీ ఇంట్లో ఉంది," అంది.

అతను ఇంటికి వచ్చేసరికి హరిణి బల్ల దగ్గర ఉంది. కొత్త అట్టపెట్టె, తీగలు, టేపు ముందు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. మహిపాల్ గడప దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వు ఓడిపోతవని కాదు బిడ్డ. నువ్వు ఓడిపోతే నేను సూడలేననుకున్న. భయం నాది. దాని కోసం నీ కష్టం తీస్కపోయి తుక్కుల ఏసిన. తప్పు నాదే."

ఆమె తలెత్తలేదు. పొమ్మని కూడా అనలేదు. అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

అతుకు వంకరగా పడింది. ఎక్కడ తేడా ఉందో అతనికి కనిపిస్తూనే ఉంది. ముందుకు రాబోయిన చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. హరిణి బల్ల మీద తట్టింది. దీపం వెలగలేదు. మళ్లీ తట్టింది. మూడోసారీ వెలగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుని మళ్లీ టేపు విప్పింది. ఆ పిల్ల ఏడవడమూ, ఏడుస్తూనే పని చెయ్యడమూ చూస్తూ మహిపాల్ కన్నీళ్లు కార్చాడు. ఇంతకాలం తను చూడలేననుకున్నది దీన్నేనా అనిపించింది.

చాలాసేపటికి హరిణి ఒక తీగ కొస అతనివైపు జరిపింది.

"నాన్నా, ఇది జర పట్టుకో. ఏం జెయ్యకు. ఉట్టిగ పట్టుకో."

మహిపాల్ రెండు వేళ్లతో దాన్ని పట్టుకున్నాడు.