చర్చి ఉత్తరపు తలుపు

మలేసియాలో, బంటింగ్ ఊరి అవతల, పామాయిల్ తోట నడుమ ఒక పాత చర్చి ఉంది. పొద్దుగూకితే దాని ఉత్తరపు గోడ దిక్కుకు ఎవరూ పోరు. అక్కడ రాళ్లతో మూసేసిన తలుపొకటి ఉంది. లోపల్నుంచి ఎవరో కొడతారట — టక్... టక్... టక్.

ఈ మాట వింటేనే మోహనప్రియకు ఒళ్లు మండేది. చర్చిని బాగుచేసే కమిటీ మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పింది: "భయం దొరల ఆయుధం!"

ఆర్కిటెక్చర్ చదివే పిల్ల. ఆ చర్చి గుట్టంతా విప్పింది. ఇంగ్లండులో ఈ తోట తెల్లదొర సొంతూరి చర్చి వందల ఏళ్లపాటు ముక్కముక్కగా పెరిగింది. గుండ్రటి కమానులు ఒక కాలానివి, మొనదేలిన కిటికీలు ఇంకో కాలానివి. బాప్తిస్మం వేళ సైతాను బయటికి పోవడానికే ఉత్తరపు తలుపని అక్కడి జనం నమ్మేవారట. తర్వాతివాళ్లు దాన్ని మూసేశారు. దొర దానికి నకలుగా ఇక్కడ ఆ వందల ఏళ్లనూ మన కూలీల వీపుల మీద ఒక్క ఊపున కట్టించాడు. మూసిన తలుపుతో సహా!

"అది తలుపే కాదు, ఉత్త గోడ. దెయ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

కమిటీకి ధైర్యం వచ్చింది. రేపే ఆ తలుపు పగలగొట్టి టూరిస్టులకు దారి తీస్తామన్నారు. పక్కనే దొర పేరుతో బోర్డు నిలబెట్టారు. కట్టినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

అందుకే ఆ రాత్రి మోహనప్రియ ఎర్ర రంగు డబ్బా పట్టుకుని బయల్దేరింది. 'చెమట మాది, పేరు మీదా?' అని రాయాలి...

గోడ మలుపు తిరగబోయింది —

టక్... టక్... టక్.

రంగు డబ్బా గుండెకు హత్తుకుని గోడ మలుపు నుంచి తొంగిచూసింది. చీకట్లో చిన్న వెలుగు. దాని వెనక ముడతల మొహం...

"ఎవులది?"

ఆమె నాయనమ్మ కూర్మమ్మ! చేతిలో గులకరాయి. మూసిన తలుపు రాళ్ల సందులో, పసుపు పూసిన చిన్న అమ్మవారు.

"రాయితో తట్టి లేపకుండా అమ్మకి పసుపు ఎట్టకూడదే," గుసగుసగా అంది కూర్మమ్మ. "దొర గుడి కట్టుకోనిచ్చినాడు కాదు. మా అత్తోళ్లు రాళ్లు మోసినప్పుడే ఈ గోడలో దాసీసినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెళ్లయిన ఆడోళ్లకే సెప్తాం. దెయ్యం ఉందని పుకారెట్టింది కూడా మేమేనే! ఇన్నేళ్లూ అమ్మని కాసింది ఆ దెయ్యమే. నువ్వు ఒక్క మీటింగుతో సంపీసినావు."

మోహనప్రియ తల కొట్టేసినట్టయింది. రేపు పలుగు దిగేది అమ్మ నెత్తిన... తన మాట మీద!

అంతలో టార్చి వెలుగు. కాపలాదారు సుగుమారన్.

"యారుడా అంగే?" ఎవడ్రా అక్కడ అని తమిళంలో గద్దించాడు.

మోహనప్రియ దీపం ఉఫ్‌మని ఊదేసింది. నాయనమ్మ చేతిలో రాయి లాక్కుంది. కసికొద్దీ కొట్టింది —

టక్! టక్! టక్!

టార్చి కిందపడింది. "అమ్మా!" అన్న కేక తోటలోకి పరుగెత్తిపోయింది.

"మెల్లగా కొట్టే," కూర్మమ్మ నవ్వాపుకుంటూ అంది. "అమ్మకి సెవుడు నేదు."

వెళ్లే ముందు మోహనప్రియ అరచెయ్యి ఎర్ర రంగులో ముంచి దొర పేరు మీద అద్దింది. నాయనమ్మ చేత కూడా అద్దించింది.

మర్నాడు పలుగు పట్టడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. అందరూ బోర్డు ముందే నిలబడిపోయారు. మోహనప్రియా నిలబడిపోయింది.

ఆమె చేతి అచ్చు. నాయనమ్మ చేతి అచ్చు.

వాటి నడుమ... రాళ్లు మోసి మోసి వేళ్లు వంకర్లు పోయిన ఇంకో చేతి అచ్చు, తామిద్దరూ అద్దనిది. దాని రంగు ఇంకా ఆరలేదు.