గంజులో మిగలని కూర

పొద్దున్నే భాగ్య పెట్టిన చాయ్ గ్లాసుల్లోనే మీగడ కట్టి చల్లారిపోయింది. ఎవరూ ముట్టలేదు. పుట్టగొడుగుల కూర తిని అత్త మల్లక్క, మామ బీరయ్య, భర్త ప్రేమ్‌సాగర్ సిరోంచ దవాఖానలో నాలుగు రోజులు పడి నిన్ననే ఇల్లు చేరారు. వండింది భాగ్య. ఆమెకు మాత్రం కడుపు నొప్పయినా రాలేదు. అదే ఆమె నేరమైపోయింది.

ఆ పుట్టగొడుగుల్ని పొలం గట్టున ఏరి, తువ్వాలలో మూటగట్టి తెచ్చింది బీరయ్యే. ఆ మాట ఒక్కరూ ఎత్తరు. జింగనూర్ అడవిలో పెరిగిన పిల్లకు మంచివేవో చెడ్డవేవో తెలియదా అని మాత్రం వాడంతా గుసగుసలు. తెలిసినవాళ్లు పొరపడరా? అడిగే నాథుడే లేడు.

ఆష్టి నుంచి బస్సు దిగిన ఆడబిడ్డ రేఖ మరీ ముదిరింది. వదినె విషం పెట్టిందని ఠాణాలో తక్రార్ ఇవ్వాల్సిందేనని అన్న చేత కాగితం రాయించింది. ప్రేమ్‌సాగర్ భార్య ముఖం చూడకుండా రాసిచ్చాడు. సంతకానికి ఆ కాగితం మల్లక్క ముందుకు వచ్చింది.

"ఒక్కటే అడుగుత వదినె," అంది రేఖ. "అందరు తిన్నరు. నువ్వెందుకు తినలే?"

ఇదే మాట డాక్టరు అడిగాడు, పొరుగింటి రాజక్క అడిగింది, కట్టుకున్నవాడూ అడిగాడు. ఆమె జవాబు ఒక్కరి చెవికీ ఎక్కలేదు. భాగ్యకు విసుగూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మిగల్లేదని ఎన్నిసార్లు చెప్పాలె? ఉంటే నేను గూడ తింటుంటి. మీ పక్క మంచంలనే పడి ఉంటుంటి."

మల్లక్క చేతిలో పెన్ను ఆగింది. ఆ రోజు కొడుకు ఇంకా కావాలంటే, గంజు వంచి అడుగంతా గీకి వాడి కంచంలో వేసింది తనే. కోడలు ఇంకా తినలేదన్న సంగతి తట్టనైనా లేదు.

"గంజు నేనే ఊడ్చిన," అంది మెల్లగా. "మరి నువ్వు ఏమేసుకొని తిన్నవే?"

"చింతకాయ తొక్కు. ఎప్పుడు గదే గదా అత్తమ్మా."

కోడలి ఆరేళ్ల కాపురంలో కూర మిగిలిందా అని తను ఒక్కనాడూ అడగలేదు. మల్లక్క సిగ్గుతో చచ్చిపోయింది. కాగితాన్ని కొడుకు ముందుకు తోసింది.

"రాస్తే గిది గూడ రాయి. ఏరుకొచ్చింది మీ బాపు. ఊడ్చి పెట్టింది మీ అమ్మ. మా ఇంట్ల కోడలికి కూర మిగలది, గందుకే బతికిందని రాయి."

ప్రేమ్‌సాగర్ తల దించుకున్నాడు. రేఖ ఆ కాగితాన్ని తీసి చింపేసింది. ఆష్టిలో అత్తారింట ఆమె కంచంలోనూ రోజూ తొక్కే.

మధ్యాహ్నం మల్లక్క తనే బీరకాయ కూర వండింది. మగవాళ్లను పిలవకముందే కోడలికి, కూతురికి కంచాలు పెట్టింది. వదినామరదళ్లు తలెత్తకుండా, కన్నీళ్లు తుడుచుకుంటూ తిన్నారు.