రాగికడ్డీ కింది చీటీ

నాన్న గది బయట స్టూలు మీద టీ గ్లాసు పెట్టిన చప్పుడైంది. అమ్మ ఆ గుమ్మం దాటి లోపలికెళ్ళి ముప్ఫై ఏళ్ళయింది. ఇంట్లో గోడ గడియారమైనా ఆగింది కానీ, గుమ్మం బయట ఆ గ్లాసు మాత్రం ఒక్క పూటా తప్పలేదు.

లోపల కూతురు చీటీలు రాస్తోంది. నాన్న లోహాల మీద పరిశోధన చేసి రిటైరైన భౌతికశాస్త్రవేత్త. ఆయన తయారుచేసిన స్ఫటికాలను, పనిచేసిన సంస్థవాళ్ళు అద్దాల బీరువాలో పెడతారట. పదింటికి వ్యాను వస్తుంది. ఒక్కోదానికీ ఆయన చెబుతుంటే ఈమె చీటీ రాస్తోంది.

"జింకు అయిందిగా. ఇక ఇది."

పెన్సిలంత లావు రాగికడ్డీ, విల్లులా వంగి ఉంది. మామూలు రాగిలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు గింజల్లా అతుక్కుని ఉంటాయి. ఇది మాత్రం మొత్తం ఒకే స్ఫటికం. కరిగిన రాగిని కొలిమిలోంచి గంటకి గోరంత చొప్పున దించుతూ చేస్తే, ఎనిమిదిసార్లు చెడి తొమ్మిదోసారి కుదిరింది. ఇంట్లోవాళ్ళకి చూపిద్దామని ల్యాబు నుంచి ఒక్కరోజు తెచ్చారు. ఆ రోజే వంగిపోయింది. అలాంటి కడ్డీ మీద ఆయన తీయాల్సిన కొలతలు వేరేచోటివాళ్ళు ముందే తీసి అచ్చేసుకున్నారు.

"రాయి. 'ఇంటావిడ అజాగ్రత్త వల్ల వంగినది.'"

పెన్ను ఆగింది.

"రాయను నాన్నా."

"ఉన్నమాటకి ఉలుకెందుకు? దుమ్ము దులుపుతూ వంచేశానని తనే ఒప్పుకుందిగా!"

"వంచింది నేను. అప్పుడు నాకు ఏడేళ్ళు. మోకాలి మీద పెట్టి ఆడుకుంటుంటే మైనంలా వంగిపోయింది. నువ్వు చంపేస్తావని ఏడుస్తుంటే, అమ్మ తన మీద వేసుకుంది. ఇంకెప్పుడూ ఈ గదిలో అడుగు పెట్టొద్దని అమ్మతో అన్నావు. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికీ నోరు రాలేదు నాన్నా."

మింగలేక కక్కలేక ఇన్నేళ్ళు మోసిన మాట బయటపడేసరికి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన కడ్డీని చేతిలోకి తీసుకుని, వంపు మీద వేలితో రాశారు.

"మళ్ళీ సరిచేద్దామని చూశావా?"

"చూశాను. ఎంత లాగినా రాలేదు."

"రాదమ్మా. మొదటిసారి తేలిగ్గా వంగుతుంది. వంగాక గట్టిపడిపోతుంది." పాఠంలా మొదలుపెట్టారు కానీ, చివరికి గుమ్మం వైపు చూశారు.

గుమ్మం బయట అమ్మ గ్లాసు తీయబోతోంది. "చల్లారిపోయిందండీ, మళ్ళీ పెట్టిస్తాను."

"లోపలికి రా."

అమ్మ కూతురి మొహం చూసింది. "ఇప్పుడెందుకు చెప్పావే?" అని కసిరింది.

"రా" అన్నారాయన మళ్ళీ.

గుమ్మం దాకా వచ్చింది. కాలు ఎత్తింది కానీ లోపల పెట్టలేకపోయింది. "అలవాటు తప్పిందండీ" అంటూ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

అప్పుడు ఆయనే బయటికొచ్చారు. "నీకు చూపిద్దామనే తెచ్చాను దీన్ని" అంటూ కడ్డీని ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "తిన్నగా ఉన్నప్పుడు నేను చూడనేలేదు. ఎలా ఉండేదండీ?"

జవాబు చెప్పబోయి ఆయన ఏడ్చేశారు. నాన్న ఏడవటం కూతురు ఎన్నడూ చూడలేదు.

"చెబుతాను, కూర్చో" అని, గ్లాసు పక్కకి తీసి ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టారు. తను గుమ్మం మీద, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డారు.