లోపలి సొట్టలు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన రెండు తలుపుల కారంటే నాకు పిచ్చి. ఈ కాలపు కారు గట్టిగా తుమ్మితే సొట్టపడుతుంది. దీనిది మందపాటి రేకు. కప్పు నుంచి వెనక బంపరు దాకా ఎక్కడా విరుపు లేకుండా జారుతుంది. అలాంటిదాన్ని పాడుబెట్టినవాడు దొరికితే ముందు వాడి వీపు మీదే నా సుత్తి సత్తా చూడాలనిపిస్తుంది.

అలాంటి కారొకటి సొట్టలు తియ్యమని నా షెడ్డుకొచ్చిన మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. షెడ్డంతా తడిసిన తుప్పు వాసన, పాత నూనె వాసన. నా బావమరిది ఇనుప దిమ్మ పట్టుకుని డిక్కీలో ముడుచుకు కూర్చున్నాడు. సొట్టలన్నీ మూతకే కనక అది కిందికి దించి ఉంది. రేకు వెనక దిమ్మ ఆనించి వాడు ఒకసారి తడతాడు. అప్పుడే నేను బయట సుత్తి వేస్తాను. తట్టకపోతే వెయ్యను. మా పనిలో అదే కట్టుబాటు.

"బావా, ఇవేం సొట్టలు? అన్నీ లోపలి నుంచే బయటికి ఉబ్బాయి."

"వెనకటి ఓనరు నీలాంటి బావమరిదిని లోపలేసి మూసుంటాడు. వాగకుండా దిమ్మ పట్టుకో."

లోపల కిసుక్కున నవ్వాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మా ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. వాడికి ముల్లు గుచ్చుకున్నా ఆవిడ నా ప్రాణం తీస్తుంది.

టక్. వేశాను. టక్. వేశాను. రేకు చెప్పినట్టు వింటోంది. టక్ టక్... తట్టడం జోరందుకుంది. నేనూ జోరు పెంచాను. ఒళ్ళు మరిచి కొట్టాను.

లోపల కేక.

"కొట్టకు బావా! నేను తట్టలేదు!"

సుత్తి పారేశాను. టక్... టక్... అయినా ఆగలేదు. నేను చదును చేసిన చోటే రేకు మళ్ళీ బయటికి ఉబ్బింది.

మూత ఎత్తబోయాను. బెత్తెడు సందు వచ్చింది. వాడి చెయ్యి బయటికొచ్చింది. గోళ్ళు ఊడి నెత్తురోడుతోంది.

"లాగు... లోపల నా రెండో చెయ్యి పట్టుకున్నారు... వదలటంలేదు..."

"ఎవర్రా?"

మూత నా చేతుల్లోంచి జారి ధడేల్మని పడింది. ఎముకలు తెగిన చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. నెత్తురు నెంబరు ప్లేటు మీదుగా కారింది. గునపం దూర్చి మూత పైకి లేపాను. చొక్కా పట్టి వాణ్ణి బయటికి ఈడ్చాను. వాడికి స్పృహ లేదు.

వేళ్ళు... తెగిన వేళ్ళు కావాలి. మూత లేపినప్పుడు డిక్కీలోకే జారాయి. వెంటనే తీసుకెళ్తే అతికిస్తారు. ఆ చీకట్లో భుజం దాకా చెయ్యి దూర్చి, నెత్తుట్లో తడిమి, దొరికినవి దొరికినట్టు తడిగుడ్డలో మూటగట్టాను. భయమేసింది. ఏడుస్తూనే తడిమాను.

ఆసుపత్రిలో మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఊపేసింది. "వేళ్ళు తెచ్చారా? తెచ్చారా?"

"తెచ్చానే."

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "తెగిన రెండు వేళ్ళూ అతికించాం. చెయ్యి నిలుస్తుంది."

మా ఆవిడ అక్కడే కూలబడి దణ్ణాలు పెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"మూటలో మూడోది మీవాడిది కాదు. అయిదారేళ్ళ పిల్ల వేలు అది. ఇంకా వెచ్చగానే ఉంది... ఆ పిల్ల ఎక్కడ?"

వచ్చేముందు ఆ డిక్కీకి గొలుసు చుట్టి, తాళం వేసి వచ్చాను.