చేతులు కలవకముందే

అమ్మ పోయిన మధ్యాహ్నం ఆస్పత్రిలో మంచం పక్కన ఉండాల్సింది తనే. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరి ముందూ పైకి అనలేదు. ఆ రోజు వంతు అక్కదేనని చుట్టాలందరి ఎదుటా చెప్పేసింది. అక్క ఒక్క క్షణం అయోమయంగా చూసి, తనే మరిచిపోయిందేమోననుకుని తల దించుకుంది. ఏడాదిగా ఆ నింద మోస్తూ, దూరంగా ఒక చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఈమె మాత్రం అక్క నంబరుకు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. నిజానికి ఆ మధ్యాహ్నం తన గదిలో కూర్చుని వీడియో పాఠం రికార్డు చేసుకుంటోంది.

ఆమె పని అదే. కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం ఎలాగో పాఠాలు చేసి ఒక శిక్షణ సంస్థకు పంపుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెడగొట్టి, బాగుచేసి, మళ్లీ చెడగొట్టి నేర్చుకుంది. గదిలో గొంతు మారుమోగకుండా నాలుగు గోడలకీ దుప్పట్లు కట్టింది, కిటికీకి బొంత వేలాడదీసింది. బయట మూడింటి ఎండ కాస్తున్నా లోపల చీకటే. పాత దూది వాసన, వేడెక్కిన కంప్యూటర్ వాసన. రికార్డింగ్ మొదలవగానే కెమెరా ముందు ఒక్కసారి చేతులు చరుస్తుంది. చేతులు కలిసిన చోట చప్పుడు సరిగ్గా కూర్చుందంటే, పాఠం మొత్తం బొమ్మా మాటా కలిసి నడుస్తాయి.

ఇవాళ మాత్రం కూర్చోలేదు. చప్పుడు ముందొచ్చింది. చేతులు తర్వాత కలిశాయి.

సంస్థలో వీడియోలు సరిచూసే ఎడిటర్‌కి మెసేజ్ పెట్టింది. చెల్లీ చెల్లీ అంటూనే వెక్కిరించే రకం ఆయన. నీ కంప్యూటర్‌కి నీకన్నా తొందర ఎక్కువైందమ్మా, శబ్దాన్ని కాస్త వెనక్కి నెట్టు అని జవాబిచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో అందుకొక గడి ఉంది. ఎంత ఆలస్యం కావాలో అంకె వేస్తే చాలు. ఆమె అర సెకను వేసి మళ్లీ చేతులు చరిచింది.

ఈసారి చప్పుడు ఒక సెకను ముందొచ్చింది.

రెండు వేస్తే నాలుగు. ఆమెకు పంతం వచ్చింది. పది వేసింది. ఇరవై సెకన్ల ముందు, ఆమె ఇంకా వచ్చి కూర్చోకముందే, ఖాళీ కుర్చీ మీద వినిపించింది చప్పుడు. ఎంత వెనక్కి నెడితే దానికి రెట్టింపు ముందుకు పోతోంది.

ఫైలు రాసుకునేటప్పుడు ఎక్కడో తేడా జరుగుతోందిలే అని సర్దిచెప్పుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రికార్డవుతున్నది అప్పటికప్పుడు వింటే సంగతి తేలిపోతుంది. చేతులు ఒడిలో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.

చెవిలో ఫట్‌మని మోగింది.

చేతులు ఒడిలోనే ఉన్నాయి. చరచకూడదనుకుంది. లెక్కపెడుతూ కూర్చుంది... పదిహేడు... పద్దెనిమిది... ఇరవై దగ్గర చేతులు కలిశాయి.

తను కలపలేదు.

మైకు వైరు పీకేసింది. తెర మీద శబ్దం కొలిచే పచ్చ గీత పడిపోలేదు. మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది... ఎవరో నడుస్తున్నట్టు. హెడ్‌ఫోన్లలో అడుగులు. ఆగాయి. తలుపు మీద మూడుసార్లు తట్టిన చప్పుడు.

"అక్కా... నేనే... పిచ్చుకని."

అది ఆమె గొంతే. అక్క తప్ప ఆమెను పిచ్చుక అని పిలిచేవాళ్లెవరూ లేరు.

రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. ఇరవై దాకా లెక్కపెట్టింది. ముప్పై దాకా పెట్టింది. నోట్లోంచి ఏ మాటా రాలేదు. ఈసారి ఆ గొంతు ఆమె నోటి కోసం ఆగడం లేదు.

"ఆ రోజు వంతు నాదేనక్కా. నీది కాదు. నేనే అబద్ధం చెప్పాను."

ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న మాట. ఎంత తేలిగ్గా అనేసింది అది... తలుపుకు అవతల, లోపలెక్కడో, అక్క వెక్కిళ్లు. చెప్పులు ఈడ్చుకుంటూ దగ్గరికొస్తున్న చప్పుడు.

"వచ్చావా పిచ్చుకా... ఉండు, గడియ తీస్తున్నా."

ఆమె లేవబోయింది. అక్క ఇల్లు గంట దూరం. ఫోన్ ఒక్కటే దారి. కానీ ఏం చెప్పాలి? తలుపు తియ్యకు అంటే అక్క నమ్మాలి. నమ్మాలంటే ఆ నిజం తన నోటితోనే చెప్పాలి. దాన్ని ఆ గొంతు అప్పటికే చెప్పేసింది.

అయినా సరే... చెప్పాలి. ఇప్పుడే.

ఫోన్ అందుకుంది. చెమటకు జారిపోతోంది. అక్క నంబరు తెర మీదకొచ్చింది. వేలు ఇంకా దాని మీద పడనేలేదు.

హెడ్‌ఫోన్లలో, అక్క ఇంట్లో, ఫోను మోగడం మొదలైంది.

చెప్పుల చప్పుడు ఆగింది. అక్క వెనక్కి తిరిగినట్టుంది.

అక్క తలుపు బయట నుంచి ఈమె గొంతే, బతిమాలుతూ, గుసగుసగా...

"ఎత్తకక్కా... అది నేను కాదు."

ఆమె అప్పుడు అక్క నంబరు నొక్కింది.