డ్రమ్మరు రాయని అమ్మాయి

"ఇక్కడ ఏటంటన్నాడండి?"

రుక్మిణి పెన్సిలు కొరికింది. "ఎంత పెద్ద హాల్లో వాయించినా, ముందు వరసలో ఆ అమ్మాయి కనబడకపోతే చెయ్యి ఆడేది కాదట."

"అయ్యో పాపం! కిందటి వారం చెప్పిన పిల్లేనా?"

"ఆ అమ్మాయే. చుప్‌చాప్ రాసుకోండి."

ఆదిబాబు బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాడు. టాటానగర్ ఉక్కు ప్లాంటులో ఫిట్టరు, సాయంత్రాలు బిష్టుపూర్ పేటలో ఆర్కెస్ట్రాకి డ్రమ్స్ వాయిస్తాడు. ఎవరో తెల్ల డ్రమ్మరు రాసుకున్న జీవితకథ స్టేషన్ దగ్గర పాత పుస్తకాల్లో దొరికింది. తీరా తెరిస్తే అంతా తాగి కబుర్లాడినట్టుండే ఇంగ్లీషు! డిక్షనరీ చేతులెత్తేసింది.

అందుకే కద్మా కాలనీలో ఇంజనీరు అచ్యుతరామయ్యగారితో "ప్రమోషనుకి ఇంగ్లీషులో ట్రేడ్ టెస్టు ఉందండి" అని అబద్ధమాడి, బి.ఎ. ఇంగ్లీషు చదివే వాళ్లమ్మాయి దగ్గర ఆదివారాలు వరండాలో కుర్చీ సంపాదించాడు.

మూణ్ణెల్లయింది. కుర్రాడు నిలువునా ప్రేమలో పడ్డాడు. వచ్చే వారం రూర్కెలా నుంచి రుక్మిణికి పెళ్లిచూపులట. చెబితే కుర్చీ పోతుంది, చెప్పకపోతే పిల్లే పోతుంది! అన్నం సహించడం లేదు.

ఆవేళ అచ్యుతరామయ్యగారే వచ్చి కూర్చున్నారు. "ఏమోయ్, టెస్టు పుస్తకమేనా? ఇలా ఇయ్యి."

ఆదిబాబు పుస్తకం, దానికింద నోటుబుక్కూ ఇచ్చేశాడు. కుర్రతనమంతా తెల్ల ఫోర్‌మన్ల తిట్లు తిన్న ఇంజనీరుగారికి అలాంటి ఇంగ్లీషు కొట్టిన పిండి. రెండు పేజీలు చదివి పకపకా నవ్వారు. నోటుబుక్కు తిరగేశాక నవ్వు ఆగిపోయింది.

"పుస్తకంలో బస్సు చెడిపోయింది, బీరు అయిపోయింది, గిటారువాడితో కొట్లాట. మరి ఈ అమ్మాయెవరే?"

రుక్మిణి తల దించుకుంది. "నాకూ ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు నాన్నా. తెలీదంటే ఈయన రావడం మానేస్తారని... నేనే కల్పించాను."

ఆదిబాబు చటుక్కున లేచాడు. "సార్, నాకూ టెస్టు లేదండి. అబద్దమాడీసినాను. మీ అమ్మాయంటే నాకు పేణమండి!"

"దొందూ దొందే!" అచ్యుతరామయ్యగారు తల పట్టుకున్నారు. ఫిట్టరు అల్లుడంటే చుట్టాలు ఏమంటారో ఆయనకి తెలుసు. కూతురి కళ్లలో నీళ్లు కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

"పుస్తకం మీరే ఉంచీసుకోండి సార్. ఆ నోటుబుక్కు మాత్రం నాకిచ్చీండి. అందులో ఆవిడ మాటలున్నాయండి."

ఆయన నోటుబుక్కు తీసి కూతురి చేతిలో పెట్టారు.

"నీ మాటలు కదా, నువ్వే ఇయ్యి. రూర్కెలా వాళ్లని రావద్దని నేను ఉత్తరం రాసుకోవాలి."