అరువు వేలు

సముద్రం అడుగున కట్టిన సాగరనగరంలో తెల్లవారడమంటే గాజు పైకప్పు అవతల నీళ్లు కాస్త పచ్చబడటమే. ఆ వెలుగు వంటింట్లోకి రాగానే గోడమీది కొవ్వుకాపరి మర్యాదగా పిలిచేది. "నాయుడుగారూ, వేలు."

2079 నాటికి షుగరున్న ప్రతి ఇంట్లోనూ కొవ్వుకాపరి ఉంది. తన గూట్లో పెట్టిన వేలి నుంచి ఒక్క బొట్టు నెత్తురు తీసుకుని, అందులోని చక్కెరనూ చెడు కొలెస్ట్రాల్‌నూ కొలిచి, ఆ రోజుకు తగిన మాత్రను అప్పటికప్పుడు తయారుచేసి చేతిలో పెడుతుంది. కొవ్వు హద్దు దాటిందా, వంటయంత్రానికి కబురు పెడుతుంది. ఇక ఆ ఇంట్లో నెయ్యి బంద్.

ఈ చివరి సంగతే అప్పలనాయుడికి మింగుడుపడలేదు. అతను నాచుతోటలకు నీటిబస్సు నడుపుతాడు. "షుగరు కంట్రోల్లోనే ఉంది కదేటి! కొవ్వు ఎక్కడైనా నొప్పెడతాదా, దురదెడతాదా?" అని అతని వాదన. వారంపాటు ఓట్సు గంజి ముందు అతను పెట్టిన మొహం చూడలేక భార్య గౌరి తన వేలు అరువిచ్చింది. ఆనాటి నుంచి గూట్లో పెట్టే వేలు గౌరిది, మింగే మాత్ర నాయుడిది, ఇడ్లీమీద నెయ్యి ఇద్దరిదీ.

ఆరు నెలలు హాయిగా గడిచాయి. ఒక పొద్దున బస్సు ఎక్కుతుంటే నాయుడికి ఛాతీలో పట్టేసింది.

ఆసుపత్రిలో నాయుడి మంచం పక్కన గౌరి నిలబడి ఉంది. డాక్టర్ నఫీసా స్కానింగ్ తెర చూస్తోంది. కొవ్వుకాపరిని తయారుచేసిన బృందానికి పెద్ద ఆవిడే. నాయుడికి ముచ్చెమటలు పోశాయి. ఇన్నాళ్లూ మింగినవి పెళ్లాం నెత్తురుకు కుదిరిన మాత్రలు. తన రక్తనాళాల్లో ఎంత పేరుకుపోయిందో! ఆగలేక ఉన్న నిజమంతా కక్కేశాడు. "ఎదవ పని సేసినానమ్మా. దాన్నేటీ అనకండి, తప్పు నాదే."

"మీ రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయండీ. గుండెకేం ఢోకా లేదు. అది గ్యాసు నొప్పి," అంది నఫీసా.

నాయుడు బతికిపోయాననుకున్నాడు. సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. "మరి... ఏలు నాది కాదు కదమ్మా?"

"మాత్రలో నువ్వుగింజలో సగముండే సెన్సర్ ఉంది. కడుపులోకెళ్లి అదే యంత్రానికి నిజం చెబుతుంది. మర్నాటి మాత్ర ఆ లెక్కతోనే తయారవుతుంది. మొదట చేసిన యంత్రానికి వేలు పెట్టే గూడే లేదు. దాన్ని మోసం చేసే దారి కనబడక జనం తువ్వాలు కప్పి మూలన పడేశారు. అందుకే గూడు పెట్టాం. యంత్రాన్ని బోల్తా కొట్టించామన్న సంబరంలో మాత్ర మానకుండా మింగుతున్నారు."

"మరి నా నెయ్యి?"

"ముప్పాతిక వంతు వాసనే. వంటయంత్రం ఆ పని చూసుకుంది."

నాయుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి పడీపడీ నవ్వాడు.

నఫీసా గౌరి వైపు తిరిగింది. "గూడు ఉత్తదేం కాదమ్మా, పెట్టిన వేలు ఎవరిదైతే వాళ్ల నెత్తురు కొలుస్తుంది. వేలు అరువిచ్చేవాళ్లూ తినేది ఆ వంటే కదా! ఈ వారమే మీ షుగరు, కొవ్వు రెండూ హద్దు మీదికొచ్చాయి. తొలిదశలోనే తెలిసింది, భయం లేదు. రేపటి నుంచి మీకూ ఒక మాత్ర."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తేలికపడిన మనసుతో ఇంటికొచ్చారు.

మర్నాడు నీళ్లు పచ్చబడ్డాయి. "గౌరిగారూ, వేలు," అంది కొవ్వుకాపరి.

నిజం మాత్రే చెబుతుందని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. అయినా గౌరి అటూ ఇటూ చూసి, కొంగుచాటున మొగుడి చెయ్యి లాగింది. "ఓపాలి మీ ఏలు ఇలా తెండి. రాత్రి జంతికలు తినేసినాను."

నాయుడు వెంటనే వేలు చాపాడు.